కారిడార్‌లో కుర్చీ డ్యూటీ

పరీక్షలు దగ్గరపడ్డాయంటే చాలు, మీ ఫోన్ల నిండా సలహాలు దిగుతాయి. రాత్రి నానబెట్టిన బాదం తినండి, కంటినిండా నిద్రపోండి, ఒక ముక్కు మూసి ఇంకో ముక్కుతో గాలి పీల్చండి, నీళ్లు బాగా తాగండి. చెప్పేవాళ్లంతా ఏసీ గదిలో కూర్చుని, వెనకాల ఒక కుండీలో మొక్క పెట్టుకుని చెబుతారు. వాళ్లతో నాకు పేచీ లేదు. సలహాలన్నీ మంచివే. ఒక ఎండాకాలం మా కాలేజీలో మేమూ అవే ఇచ్చాం. పిల్లలు శ్రద్ధగా విన్నారు. విన్న తర్వాత కూడా పరీక్ష గదిలో కళ్లు తిరిగి పడిపోయారు. ఎందుకు పడిపోయారో తెలుసుకోవడానికి ఇంతమంది పీజీలు చేసినవాళ్లం ఎంత తిప్పలు పడ్డామో మీకు చెప్పాలని కూర్చున్నాను. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్న పిల్లలు చదువుతారని ఆశ. వాళ్ల లెక్చరర్లు చదివితే ఇంకా మంచిది.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. పీడీ మేడం అనేవారు. ప్రైవేటు కాలేజీలో రిటైర్మెంటు అంటూ ప్రత్యేకంగా ఏమీ ఉండదు. మోకాళ్లు మొరాయించాక ఒక రోజు నేనే చాలన్నాను, వాళ్లూ సరేనన్నారు. ఇప్పుడు ఎల్బీనగర్‌లో ఇంటిపట్టున ఉంటున్నాను. కాలేజీ అనగానే పెద్ద గేటు, లోపల పచ్చిక ఊహించుకోకండి. కింద మొబైల్ షాపులు, పైన కోచింగ్ సెంటర్ల బోర్డులు, వాటి మధ్య ఇరుక్కున్న ఒక బిల్డింగు. పిల్లలు ఎక్కువైతే రోడ్డుకు అవతల ఇంకో బిల్డింగు కిరాయికి తీసుకుని దానికి కొత్త బ్లాకు అని పేరు పెట్టారు. మైదానం లేని కాలేజీకి పీడీ ఎందుకని కొత్తగా చేరిన లెక్చరర్లు అడిగేవాళ్లు. తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించడానికని నేనే చెప్పేదాన్ని. అయినా తెల్లవారుతూనే దగ్గర్లోని పార్కుకు పిల్లల్ని లాక్కెళ్లి, వాకింగ్ చేసే పెద్దమనుషులతో రోజూ గొడవపడి, ఒక ఖోఖో జట్టును మాత్రం నిలబెట్టాను.

పరీక్షల కాలంలో సబ్జెక్టు లేని మనిషికే పనులెక్కువ. గేటు దగ్గర పిల్లల్ని తనిఖీ చేయడం, ఫోన్లు సంచుల్లో వేయించడం, గంట కొట్టించడం, ఇవన్నీ నావే. వాటన్నిటికంటే ముఖ్యమైనది కుర్చీ డ్యూటీ. రెండో అంతస్తు కారిడార్ చివర ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టేవారు. పరీక్ష మధ్యలో ఏ అమ్మాయికైనా బాత్రూం అవసరమైతే వెంట వెళ్లి తీసుకురావడం నా పని. ఒక్కత్తినే పంపితే లోపల చిట్టీలు చూసుకుని వస్తుందని భయం.

ఆ భయానికి కారణం లేకపోలేదు. మా పేటలో కొన్ని జిరాక్సు షాపులుండేవి. ఒక గైడు పుస్తకం మొత్తాన్ని అగ్గిపెట్టెలో పట్టేంత చిన్నగా కుదించి ఇచ్చేవారు. ఆ ఎండాకాలానికి రెండేళ్ల ముందు అలాంటి కట్ట ఒకటి పాలిథిన్ కవర్లో చుట్టి మా బాత్రూం ఫ్లష్ ట్యాంకులో వేలాడుతూ దొరికింది. దొరకబట్టింది మేము కాదు, స్క్వాడ్ వాళ్లు. స్క్వాడ్ అంటే చెప్పాపెట్టకుండా పరీక్షా కేంద్రాల మీదికి యూనివర్సిటీ పంపే తనిఖీ బృందం. ఆ రోజు మా ప్రిన్సిపాల్ మొహం చూస్తే నాకే జాలేసింది. గుంటూరు వైపు మనిషి, ఇస్త్రీ చొక్కా నలగకుండా బతికే రకం, బీపీ ఉంది. మరుసటి రోజే బజారుకు మనిషిని పంపి ఇత్తడి తాళాలు తెప్పించాడు. పరీక్ష మొదలయ్యేటప్పటికి మూడు అంతస్తుల బాత్రూంలకీ, స్టాఫ్ బాత్రూంకీ తాళాలు పడేవి. ఎవరైనా అడిగితేనే తీయడం. తాళంచెవుల గుత్తి ఆయన టేబుల్ సొరుగులో.

తాళాలు పడ్డాక నా కుర్చీ డ్యూటీ హాయిగా మారింది. ఎవరూ రారు. ఎదురుగా గోడ, పైన తిరిగీ తిరగని ఫ్యాను, కిందనుంచి బస్సు కండక్టర్ల కేకలు. స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ గారు గొప్పగా చెప్పుకున్నాడు కూడా. "చూశారా, క్రమశిక్షణ అంటే ఇదీ. ఈ సెమిస్టర్‌లో ఒక్క పిల్ల బయటికి రాలేదు." అందరం తలలూపాం. మూడు గంటలపాటు అంతమంది ఆడపిల్లల్లో ఒక్కరికీ అవసరం పడకపోవడం ఏమిటని అడగాలని ఒక్కరికీ తోచలేదు.

ఆ మేలో ఆఖరి సెమిస్టర్ పరీక్షలు మధ్యాహ్నం పూట పెట్టారు. మొదటి పేపరు రోజే ఒక అమ్మాయి బెంచీ మీదే పక్కకు ఒరిగిపోయింది. ముఖాన నీళ్లు చల్లి, గ్లూకోజు కలిపి తాగించి లేపాం. రెండో పేపరుకు ఇద్దరు పడ్డారు. స్టాఫ్ రూంలో ఎవరి సిద్ధాంతం వాళ్లు బయటికి తీశారు.

"ఇదంతా ఫోన్ల వల్ల," అన్నాడు ప్రిన్సిపాల్.

"రాత్రంతా చదివి పొద్దున పడుకుంటే గిట్లనే ఉంటది," అన్నాడు కామర్స్ సారు. ఏ సమస్యకైనా పిల్లలు చదవడమో, చదవకపోవడమో కారణమని ఆయన నమ్మకం.

తెలుగు మేడం మాత్రం ఉపవాసాలంది. ఆవిడది ఏలూరు. నాకు మంచి స్నేహితురాలు, ఎంత వాదించినా కోపం రాని మనిషి. "గురువారం ఒకపొద్దు, శనివారం ఒకపొద్దు, పాసవ్వాలని ఇంకో ఒకపొద్దు. తిండి లేకపోతే కళ్లు తిరగవూ?" అంది.

"మన కాలంల గూడ ఉన్నం గదా మేడం ఒకపొద్దులు. ఎవరు పడ్డరు?" అన్నాను.

"మన పరీక్షలు మార్చిలో అయిపోయేవి పీడీ గారూ. ఇలా పొయ్యిలో కూర్చోబెట్టి రాయించలేదు."

చివరికి అందరి సిద్ధాంతాలనూ కలిపి ఒత్తిడి అని పేరు పెట్టి, మూడో పేపరుకు ముందున్న సెలవు రోజున ఒక సదస్సు ఏర్పాటు చేశారు. ఒత్తిడి నిపుణుడొకాయన వచ్చాడు. స్లైడ్లు చూపించాడు. పిల్లలందరితో కళ్లు మూయించి సముద్రతీరాన్ని ఊహించుకోమన్నాడు. బడంగ్‌పేట్ నుంచి రెండు బస్సులు మారి వచ్చిన పిల్లలు సముద్రాన్ని ఊహించుకుంటూ నిజంగానే నిద్రపోయారు. నిద్ర లేపాక ఆయన ఆహారం సంగతికి వచ్చాడు. "పరీక్ష రోజు పొద్దున్నించీ ధారాళంగా నీళ్లు తాగండి. పరీక్ష మధ్యలో కూడా తాగుతూ ఉండండి," అన్నాడు.

వెనక వరసలో ఒక నవ్వు పుట్టింది. అది ముందుకు పాకింది. చున్నీలు నోటికి అడ్డం పెట్టుకుని హాలు హాలంతా నవ్వుతోంది. నిపుణుడు తన మాటలో జోకు ఎక్కడుందో వెతుక్కున్నాడు. ప్రిన్సిపాల్ లేచి గద్దించాడు. బయటికొచ్చాక మా ఖోఖో అమ్మాయిల్ని ఆపి అడిగాను.

"ఎందుకు నవ్విన్రే?"

"ఏం లేదు మేడం."

"ఏం లేనిదానికి గంత నవ్వా?"

"ఊకెనే మేడం," అని జారుకున్నారు.

నేను కూడా సదస్సుల్లో నవ్విన దాన్నే కాబట్టి అక్కడితో వదిలేశాను.

మూడో పేపరు రోజు పడిపోయింది మా జట్టులోని అమ్మాయే. బీకాం ఆఖరి సంవత్సరం, దేవరకొండ దగ్గరి పల్లె, చైతన్యపురిలో హాస్టల్లో ఉండేది. పేపరు ఇచ్చేసి లేవబోతూ కుప్పకూలింది. నేను పరిగెత్తి వెళ్లేటప్పటికి కామర్స్ సారు పరీక్ష ప్యాడుతో విసురుతూ, "టెన్షన్ పడ్డది," అంటున్నాడు.

"ఈ పిల్లనా?" అన్నాను. ఎండలో మూడు మ్యాచులు వరసగా ఆడి, నాలుగో దానికి ఎప్పుడు పిలుస్తారని అడిగే పిల్ల అది. సెమీఫైనల్లో మోకాలు చీరుకుపోతే మట్టి అద్దుకుని లేచింది. ఎండలో పడనిది ఫ్యాను కింద బెంచీ దగ్గర పడిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది.

ఆటోలో వేసుకుని చైతన్యపురిలో నాకు తెలిసిన డాక్టరమ్మ క్లినిక్‌కు తీసుకుపోయాను. ఆవిడ పొత్తికడుపు నొక్కి చూసి, పరీక్షలు రాసిచ్చి, అమ్మాయిని సూటిగా అడిగింది.

"పొద్దటి నుంచి ఎన్ని నీళ్లు తాగినవమ్మా?"

అమ్మాయి నా వైపు చూసింది.

"నన్నేం చూస్తవ్, చెప్పు," అన్నాను.

"పొద్దున పళ్లు తోముకున్నప్పుడు పుక్కిలించిన మేడం."

"పుక్కిలించుడు తాగుడా?"

"పరీక్ష రోజు తాగం మేడం. ఎవ్వరం తాగం."

డాక్టరమ్మ పెన్ను ఆపింది. నేను స్టూలు మీద కూర్చున్నాను. అప్పుడు మెల్లగా బయటికొచ్చింది. ముందు రోజు రాత్రి అన్నం తిన్నాక నీళ్లు బంద్. పొద్దున హాస్టల్లో ఇడ్లీ పెడితే సాంబార్ పోసుకోరు, అదీ నీళ్లే కదా అని. ఉత్త ఇడ్లీ, పొడి. నోరెండిపోతే బుగ్గన లవంగం పెట్టుకుంటారు. ఇదంతా సీనియర్ అక్కలు జూనియర్లకు చెప్పే చిట్కా. ముఖ్యమైన ప్రశ్నలతోపాటు దాన్నీ చెప్పి పోతారట.

"ఎందుకే గిట్ల? బయట కుర్చీల నేనే కూసున్న గదా," అన్నాను. "వచ్చి అడిగితే తీసుకపోనా?"

"మిమ్మల్ని అడగాలంటే ముందుగాల లోపట సార్‌ను అడగాలె మేడం. చెయ్యి లేపితే సార్ ఏంది అంటడు. గట్టిగ చెప్పాలె. అప్పుడే ఏమొచ్చింది అంటడు. అందరు తిరిగి చూస్తరు. తర్వాత మీరు పోయి తాళంచెవి తేవాలె. అందాక తలుపు కాడ నిలబడాలె. రాసుడు ఆగిపోతది. పోయినేడు కింది అంతస్తుల ఒక అక్క నిలబడీ నిలబడీ మళ్ల వాపస్ పోయి కూసున్నదట. అందుకే తాగకపోతే పరేషానే ఉండదని..."

"మొన్న సదస్సుల గందుకే నవ్విన్రా?"

"అవు మేడం," అంది, జ్వరంలో కూడా నవ్వి.

మూత్రంలో ఇన్ఫెక్షన్ అని తేలింది. డాక్టరమ్మ మాత్రలిచ్చి, నీళ్లు అస్తమానం తాగుతూనే ఉండాలని, వచ్చింది వచ్చినట్టు పోవాలని, ఆపుకుంటే అది కిడ్నీల దాకా పాకుతుందని గట్టిగా చెప్పింది. బయటికొచ్చాక ఆ అమ్మాయి మొదటిసారి ఏడ్చింది. జ్వరానికి కాదు. ఇంకో పేపరు మిగిలింది. క్యాంపస్ ఇంటర్వ్యూల్లో హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చింది, కానీ అన్ని పేపర్లూ ఈ విడతలోనే పాసవ్వాలని షరతు. సప్లిమెంటరీ రాసి ఫలితాలు వచ్చేటప్పటికి ఆ ఉద్యోగంలో ఇంకెవరో కూర్చుంటారు. వాళ్లింట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి. ఉద్యోగం వస్తే చెల్లెల్ని కూడా పట్నం తెచ్చి చదివించాలని పెట్టుకుంది.

"నీళ్లు తాగితే రాయలేను మేడం. తాగకపోతే ఇది తగ్గదు. ఏం చేయాలె?"

"నువ్వు తాగు. కడమది నేను చూస్త," అన్నాను. ఏం చూస్తానో నాకూ తెలియదు.

మరుసటి రోజు ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. తెలుగు మేడం అక్కడే జవాబు పత్రాలు సర్దుతోంది.

"సార్, బాత్రూం తాళాలు తీయించుండ్రి."

ఆయన కళ్లజోడు తీశాడు. "మీకు తెలియనిదేముంది మేడం. పోయినసారి స్క్వాడ్ ముందు నా పరువు పోయింది."

"మీ పరువు ఫ్లష్ ట్యాంకుల ఉన్నదా సార్?"

తెలుగు మేడం కాగితాల్లో తల దాచుకుంది. ఆయన మొహం ఎర్రబడింది. నేను క్లినిక్‌లో విన్నదంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, విన్నాడు. ఇద్దరు కూతుళ్ల తండ్రి. వింటున్నంతసేపూ కళ్లజోడు తుడుస్తూనే ఉన్నాడు. విన్నాక మళ్లీ భయం గెలిచింది.

"అమ్మా, మీరు ఆటల మేడం. పరీక్షల సంగతి మీకు తెలీదు. ఇక్కడ రూల్సు వేరు."

"ఆటలల్ల గూడ రూల్సే సార్. కానీ ఆట నడుమ పిల్లలకు నీళ్లిస్తం. పరీక్షకు ముందు గదులు, బెంచీలు వెతుకుతలేమా? గట్లనే బాత్రూం గూడ వెతికి, తెరిచి పెడదాం. కావాలంటే నేను లోపటనే కూసుంట."

"స్క్వాడ్ వచ్చి అడిగితే ఏమని చెప్పను? మా పీడీ మేడం బాత్రూంలో ఉన్నారండీ అనా?"

"ఉన్న మాటే గదా."

"ఆ అమ్మాయి ఈ ఒక్క పేపరూ సప్లిమెంటరీలో రాసుకోవచ్చు కదా. ఆరోగ్యం ముఖ్యం కదండీ," అన్నాడు.

అప్పుడు నా గొంతు పెద్దదైందని తర్వాత తెలుగు మేడం చెప్పింది. కింద మొబైల్ షాపు కుర్రాళ్లు పైకి చూశారట. ఆరోగ్యం ముఖ్యమని చెప్పి సదస్సు పెట్టిందీ మనమే, ఆరోగ్యానికి తాళం వేసిందీ మనమే అన్నాను. ఉద్యోగం పోతే మీరిస్తారా అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ ఇక్కడ అక్కర్లేదు. చివరికి సగం దారిలో రాజీ కుదిరింది. తాళాలు ఉంటాయి. గుత్తి సొరుగులో కాకుండా ఆయన జేబులో ఉంటుంది. ఎవరు అడిగినా ఆయనే స్వయంగా వచ్చి తీస్తాడు. "మాటిస్తున్నానండీ," అన్నాడు. ఆ అమ్మాయి గదిలో ఇన్విజిలేటర్‌గా తనను వేయమని తెలుగు మేడం అడిగి వేయించుకుంది.

ఆఖరి పేపరు రోజు గేటు దగ్గర ఆ అమ్మాయి చేతిలో లేబుల్ చింపేసిన నీళ్ల సీసా ఉంది. సగం తాగేసి ఉంది. జ్వరం తగ్గింది కానీ మొహం పీక్కుపోయింది. "తాగిన మేడం," అంది, ఏదో తప్పు చేసినట్టు. "మంచి పని చేసినవ్, పో," అన్నాను.

పరీక్ష మొదలైన కాసేపటికి రోడ్డు అవతలి కొత్త బ్లాకులో ప్రశ్నపత్రాలు తక్కువపడ్డాయని కబురొచ్చింది. ప్రిన్సిపాల్ కంగారుగా పరిగెత్తాడు. గుత్తి ఆయన జేబులో, ఆయన రోడ్డుకు అవతల, స్టాఫ్ ఫోన్లన్నీ రూలు ప్రకారం ఆఫీసు బీరువాలో. ఈ మూడూ కలిపి ఆలోచించే లోపలే గది తలుపు తెరుచుకుంది. తెలుగు మేడం ఆ అమ్మాయి భుజం పట్టుకుని బయటికి తెచ్చింది.

"పీడీ గారూ, త్వరగా."

కారిడార్ ఊడ్చే ఆయమ్మను తాళంచెవి కోసం రోడ్డు అవతలికి పంపాను. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు దాటడమంటే ఆ వేళప్పుడు చిన్న పని కాదు. అమ్మాయి బాత్రూం తలుపు పక్కన గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని వంగిపోయింది. కిందికి చూస్తే ఆయమ్మ ఇంకా డివైడర్ మీదే ఉంది.

"మేడం, పోయి కూసుంట. ఆపుకుంట. టైం పోతున్నది."

"నోరు మూస్కొని నిలబడు."

మెట్ల కింద నా ఆటసామాన్ల గది. మైదానం లేని కాలేజీకి షాట్‌పుట్ ఎందుకని కొన్న రోజు నుంచీ నన్ను వెక్కిరిస్తూనే ఉన్నారు. ఆ ఇనుప గుండును ఎవరూ ఎప్పుడూ విసిరింది లేదు. దాన్ని తీసుకుని మెట్లెక్కాను. మోకాళ్లు అప్పటికే బాగోలేవు, కానీ ఆ రోజు గుర్తు రాలేదు. మొదటి దెబ్బకు తాళం ఎగిరి తలుపుకు కొట్టుకుంది. రెండో దెబ్బకు గదుల్లో పెన్నులు ఆగాయి. ఇంకో దెబ్బకు తాళం అలాగే ఉండి గొళ్లెం ఊడి వచ్చింది. అమ్మాయి లోపలికి దూరింది. నేను గుండు చేత్తో పట్టుకుని ఊపిరి తీసుకుంటూ వెనక్కి తిరిగాను.

మెట్ల మీద స్క్వాడ్ నిలబడి ఉంది. ఒక మగాయన, ఒక ఆవిడ. వాళ్ల వెనక మా ప్రిన్సిపాల్. గేటు దగ్గరే ఆయనకు వాళ్లు ఎదురుపడ్డారట. అప్పటి ఆయన మొహం నేను వర్ణించను, పాపం.

"ఏం జరుగుతోందిక్కడ?" అన్నాడు స్క్వాడ్ ఆయన. "పరీక్ష టైంలో తాళం పగలగొట్టడమేంటి? లోపల ఎవరున్నారు?"

"పరీక్ష రాసే పిల్ల ఉన్నది సార్. నేను వెంట ఉన్న."

"హాల్ టికెట్ తెప్పించండి. ఆన్సర్ షీటు తీసేసుకోండి. మాల్‌ప్రాక్టీస్ కింద రాస్తాను."

మాల్‌ప్రాక్టీస్ అని రాస్తే ఈ ఒక్క పేపరే కాదు, రాసినవన్నీ పోతాయి. సాయం చేస్తానని పోయి పిల్ల నెత్తిన బండ వేశానా అనిపించింది. అయినా వాగడం ఆపే అలవాటు నాకు లేదు.

"దేనికి రాస్తరు సార్? చిట్టీ దొరికిందా? బాత్రూంకు పోయిందని రాస్తరా? రాయుండ్రి, ఏ రూలు కింద పోవద్దో అది గూడ రాయుండ్రి. పిల్లకు ఇన్ఫెక్షన్ ఉన్నది. డాక్టరమ్మ క్లినిక్ ఈడనే, పోయి అడుగుదాం పాండ్రి. తాళం పగలగొట్టింది నేను. నా పేరు రాస్కోండ్రి."

"మేడం, ముందు ఆ గుండు కింద పెట్టండి," అన్నాడాయన, ఒక మెట్టు దిగి.

అప్పుడే ప్రిన్సిపాల్ ముందుకొచ్చాడు. నా మీద పడతాడనుకున్నాను. "తాళంచెవి నా దగ్గరుందండీ," అన్నాడు, జేబులోంచి గుత్తి తీసి. "నేనే వచ్చి తీస్తానని మాటిచ్చాను. సమయానికి లేను. అమ్మాయి తప్పేం లేదు." ఆ మనిషి ఆ మాట అంటాడని నేను కలలో కూడా అనుకోలేదు.

అంతవరకూ నోరు విప్పని స్క్వాడ్ ఆవిడ ముందుకొచ్చింది. నేత చీర, భుజానికి పెద్ద సంచీ, ఎండకు కమిలిన మొహం. "నేను చూస్త సార్," అంది. అమ్మాయి బయటికి రాగానే చేతులు, చున్నీ, జేబులు చూసింది. తర్వాత సంచీ తీసి ఆయన చేతిలో పెట్టి, ఆవిడ లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

చాలాసేపు రాలేదు. ఆయన సంచీ పట్టుకుని అసహనంగా అటూ ఇటూ కదిలాడు. "అంతసేపు ఏం వెతుకుతున్నారు?" అన్నాడు ప్రిన్సిపాల్‌తో. లోపల ఫ్లష్ చప్పుడైంది. కుళాయి చప్పుడైంది. తెలుగు మేడం, నేను ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా జాగ్రత్తపడ్డాం.

ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. మొహం తేటపడింది.

"ట్యాంకుల నీళ్లున్నయి సార్. ఇంకేం లేదు. పిల్ల దగ్గర గూడ ఏం లేదు." అమ్మాయి వైపు తిరిగి, "ఏం చూస్తవమ్మా, పో, రాసుకో," అంది.

అమ్మాయి పరిగెత్తింది. ఆవిడ చూసిన చూపుకు స్క్వాడ్ ఆయన మళ్లీ మాల్‌ప్రాక్టీస్ ఊసెత్తకుండా సంచీ తిరిగిచ్చాడు. మగవాళ్లిద్దరూ ముందుకు కదిలాక ఆవిడ నా దగ్గర ఆగింది. గొంతు తగ్గించి చెప్పింది.

"పొద్దటి సంది కార్ల తిరుగుతున్న. పోయిన ప్రతి కాలేజీల తాళాలే. అడుగుదామంటే అంతా మగ ప్రిన్సిపాల్‌లే. డ్యూటీ పడ్డ రోజు నేను గూడ ఇంటికాడ నీళ్లు తాగకుండనే బయలెల్లుత." సంచీ భుజాన వేసుకుని, "మంచిగ కొట్టిన్రు," అని మెట్లు దిగిపోయింది.

తలుపుకు గొళ్లెం లేదు కాబట్టి ఆ మధ్యాహ్నమంతా బాత్రూం తెరిచే ఉంది. ఆ దెబ్బల చప్పుడు అన్ని గదులూ విన్నాయి. కాసేపటికి పక్క గదిలో ఒక చెయ్యి లేచింది. తర్వాత పైగదిలో ఒకటి. తర్వాత ఇక లెక్క లేదు, పోయి వచ్చిన ప్రతి పిల్లా గదిలో నీళ్లడిగి తాగింది. కామర్స్ సారు కూడా గుమ్మంలోకి వచ్చి, "పీడీ మేడం, ఇంకొకరు," అని మెల్లగా చెప్పి పోయాడు, గదిలో అందరికీ వినపడకుండా. నా కుర్చీలో నేను మళ్లీ కూర్చున్నది లేదు. ఖోఖోలో లాగా ఒకత్తిని దింపి ఇంకొకత్తిని తీసుకుని అటూ ఇటూ తిరిగాను. మా అమ్మాయి ఇంకో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ నా వైపు కూడా చూడకుండా పరుగున పోయి పరుగున వచ్చింది. చివరి గంట కొట్టేదాకా రాసింది.

ఆ రోజు ఎవరూ కళ్లు తిరిగి పడలేదు. కలిపిన గ్లూకోజు నీళ్లు స్టాఫ్ అందరం పంచుకు తాగాం. ప్రిన్సిపాల్ రెండు గ్లాసులు తాగాడు.

తర్వాతి సెమిస్టర్ నుంచి మా కాలేజీలో పరీక్షకు ముందు బాత్రూంలు వెతికి, తెరిచి పెట్టేవాళ్లు. లోపల ఆయమ్మ స్టూలు వేసుకుని కూర్చునేది. చెయ్యెత్తిన పిల్లను ఎందుకని అడగకూడదని ప్రిన్సిపాలే నోటితో చెప్పాడు. సదస్సు మళ్లీ పెట్టలేదు. మిగతా కాలేజీల సంగతి నాకు తెలియదు. తెలుసుకోవడం మీ పని. మీ దగ్గర తాళాలుంటే పరీక్షలు మొదలు కాకముందే నలుగురూ కలిసి పోయి అడగండి. ఒక్కత్తే అడిగితే సిగ్గు, క్లాసంతా అడిగితే అర్జీ. చెవులున్న లెక్చరర్ ఒకరైనా దొరుకుతారు. ఒకవేళ దొరక్కపోతే ఎవరూ చెయ్యెత్తని గదిలో ముందుగా మీరే ఎత్తండి, తర్వాతి చేతులకు దారి దొరుకుతుంది. అంతేగానీ, మీ సీనియర్లు చెప్పిన లవంగం చిట్కా మీ జూనియర్లకు చెప్పకండి.

ఫలితాలు వచ్చాయి. ఆ అమ్మాయి అన్ని పేపర్లూ పాసైంది. ఆఖరి దాంట్లో మార్కులు గొప్పగా లేవు, సరిపడా ఉన్నాయి. ఉద్యోగంలో చేరిన వారంలో నాకు ఫోన్ చేసింది. క్యాబులో వస్తున్నాననీ, ఆఫీసు అద్దాలతో మెరిసిపోతుందనీ, చెల్లెలికి మంచి హాస్టల్ చూస్తున్నాననీ ఏకబిగిన చెప్పుకుపోయింది.

"పనెట్లుందే?" అన్నాను.

"పని నేర్చుకుంటున్న మేడం. గా ముచ్చట గాదు, ఇంకోటి చెప్పాలె మీకు," అంది. గొంతు తగ్గించింది, పక్కన ఎవరో ఉన్నట్టుంది. "ఈడ ఎవ్వర్నీ అడగక్కర్లేదు మేడం. లేచి పోవుడే."